హెడర్ల వెనక కథ

అజ్మాన్ లో నిస్సాన్ పట్రోల్ కంటికి కనబడకముందే చెవిన పడుతుంది. శలవు రోజున షార్జా బదాయర్ ఇసుక దిబ్బల కేసి వెళ్ళే ఈ బళ్ళలో చాలావాటికి కంపెనీవాడి ఎగ్జాస్టు మానిఫోల్డు ఉండదు. దాని స్థానంలో సిలిండరుకో గొట్టం చొప్పున వంపులు తిరిగిన స్టీలు గొట్టాలుంటాయి. వాటినే హెడర్లంటారు. ఇదంతా గల్ఫు కుర్రాళ్ళ డబ్బు మదమని తేల్చేసేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది, అదీ పెరట్లో పుట్టిన చరిత్ర.

ఇంజను వదిలిన పొగ ఊరికే బయటికి పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక దెబ్బ గొట్టంలో పరుగెడుతూ తన వెనక కాస్త ఖాళీని వదులుతుంది. ఆ ఖాళీ సరిగ్గా ఇంకో సిలిండరు వాల్వు తెరిచి ఉన్న వేళకి అందితే, ఆ సిలిండరులోని పొగని బయటికి లాగేస్తుంది. వేళ తప్పితే ఒకదాని పొగ ఇంకొకదానికి అడ్డం పడుతుంది. అంటే ఇదంతా టైమింగు వ్యవహారమన్నమాట. గొట్టం పొడుగూ లావూ తేల్చేది అదే.

ఈ సంగతిని తమ చేతుల్తో కనిపెట్టుకున్నవాళ్ళలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు ముఖ్యులు. 1932లో ఫోర్డు చవకగా అమ్మిన వి8 ఇంజనులో నాలుగేసి సిలిండర్ల పొగకి పక్కకి మూడే దారులు. మధ్య రెండు సిలిండర్లదీ ఒకటే దారి! ఎండిపోయిన చెరువుల మీద పందేలు వేసుకునే ఆ కుర్రాళ్ళు ఇంటి షెడ్లలో గొట్టాలు కోసి, వంచి, వెల్డింగు చేసుకున్నారు. 1937లో వాళ్ళ క్లబ్బులన్నీ కలిసి ఒక సంఘమయ్యాయి. 1948లో 'హాట్ రాడ్' పత్రిక వచ్చింది. 1950లు, 60లు వచ్చేసరికి బోల్టులు బిగించుకుంటే సరిపోయే హెడర్లు అట్టపెట్టెల్లో దొరకసాగాయి. 1962లో ఫిలిప్ స్మిత్ ఈ గొట్టాల లెక్కల మీద పుస్తకమే రాశాడు. 1966లో లె మాన్స్ గెలిచిన ఫోర్డ్ జిటి40ని వెనక నుంచి చూడండి. ఎడమ సిలిండర్ల గొట్టాలు కుడికీ, కుడివి ఎడమకీ అల్లుకుని ఉంటాయి. అందం కోసం కాదు, దెబ్బలు సమానమైన వ్యవధిలో పడాలని. దానికి 'పాముల కట్ట' అని పేరు.

పట్రోల్ కి ఆ తిప్పలు లేవు. దాని 4.8 లీటర్ల టిబి48 ఇంజనులో ఆరు సిలిండర్లు వరసగా ఉంటాయి. మండే క్రమం 1-5-3-6-2-4. ముందు మూడిటినీ ఒక కట్ట, వెనక మూడిటినీ ఒక కట్ట చేస్తే ప్రతి కట్టలోనూ దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా 240 డిగ్రీల దూరం. హెడర్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. 2010లో వి8తో కొత్త పట్రోల్ వచ్చినా గల్ఫులో పాతదాన్ని అమ్ముతూనే వచ్చారంటే ఈ ఇంజను మీద ఎంత మోజో చూడండి.

అలాగని హెడరు ఒక్కటీ మారిస్తే అద్భుతాలు జరగవు. కంప్యూటరు ట్యూనింగు, క్యాంషాఫ్టు తోడైతేనే అసలు లాభం. కంపెనీవాడి పోత ఇనుము బరువే గానీ చవక, మన్నిక, నిశ్శబ్దం.

ఇక ఇంట్లో బిగించుకోవడం. కాలిఫోర్నియా షెడ్డుకీ అజ్మాన్ విల్లా ముంగిలికీ ఎండ విషయంలో పోలికే లేదు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆరుబయట కూలీలతో పని చేయించడం నిషేధం. సొంత కారు కింద దూరినవాడిని మాత్రం ఏ చట్టమూ ఆపదు! ఏళ్ళ తరబడి కాలి కాలి బిగుసుకుపోయిన నట్లకి ముందు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. స్టడ్డు విరిగిందా, ఒక పూట పని వారం పనవుతుంది. కొత్త గాస్కెట్ వేసి, మధ్య నుంచి అంచులకి, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాలి. మూసిన షెడ్డులో మాత్రం స్టార్టు చేయకూడదు. ఎక్కడ లీకయినా వచ్చేది కార్బన్ మోనాక్సైడు, దానికి వాసన ఉండదు.

చట్టం సంగతీ ఉంది. 2017 నాటి ఫెడరల్ నిబంధనల్లో చప్పుడు చేసే బండికి 2,000 దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు. అనుమతి లేకుండా ఇంజను మారిస్తే 1,000 దిర్హాములు, నెల రోజులు బండి జప్తు. మన ఊళ్ళలో బుల్లెట్ సైలెన్సర్లని రోడ్డు రోలరుతో తొక్కించడం కన్నా ఇది ఖరీదైన శిక్షే. అందుకే తెలిసినవాళ్ళు హెడరు వేసినా కింద కాటలిటిక్ కన్వర్టరునీ, సైలెన్సరునీ కదపరు. ఊడదీసిన పాత మానిఫోల్డునీ పారేయరు, గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పెడతారు. బండి అమ్మేరోజున కొనేవాడు అది ఉందా అని తప్పకుండా అడుగుతాడు.