బందరు కోట, కెబెక్ కోట

కెనడాలో ఉన్న చాలామంది తెలుగువాళ్ళకి ఫ్రెంచి అంటే పాల డబ్బాకి రెండో పక్కన ఉండే అచ్చు. టొరాంటోలోనో కాల్గరీలోనో ఉంటే ఆ రెండో పక్క తిప్పి చూడకుండానే జీవితం గడిచిపోతుంది. మాంట్రియల్‌లో ఉన్న మాకు ఆ వీలు లేదు. బడి నుంచి వచ్చే ఉత్తరం, వీధిలో పార్కింగు బోర్డు, దుకాణం పేరు, అన్నీ ఫ్రెంచిలోనే. చుట్టూ ఇంగ్లీషు పరచుకున్న ఈ ఖండంలో ఈ భాష ఇన్నాళ్ళు ఎలా నిలబడిందన్న కుతూహలం ఇక్కడికి వచ్చిన కొత్తలోనే నన్ను పట్టుకుంది. జవాబు వెతుక్కుంటూ పోతే చట్టాల కంటే ముందు పుస్తకాలూ, నాటకాలూ, పాటలూ ఎదురయ్యాయి. వాటి గురించే ఈ వ్యాసం. పారిస్ కళల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఇక్కడి ఫ్రెంచివాళ్ళ దగ్గరే ఆగిపోతాను.

అయితే కథ మన ఊళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా చూసినవాళ్ళకి బుస్సీ దొర గుర్తుండే ఉంటాడు. 1753లో నిజాము సలాబత్ జంగ్ దగ్గర ఉత్తర సర్కారులు రాయించుకున్నవాడు ఆయనే. 1757 జనవరిలో విజయనగరం విజయరామరాజు పక్షాన బొబ్బిలి మీదికి ఫిరంగులు తెచ్చినవాడూ ఆయనే. ఆ తర్వాత విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ వచ్చి 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి, 1759 ఏప్రిల్‌లో బందరు కోట పట్టుకున్నాడు. అక్కడికి అయిదు నెలలకి, సెప్టెంబరు 13న, భూగోళానికి ఇవతలి పక్కన కెబెక్ కోట బయట ఏబ్రహాం మైదానంలో ఫ్రెంచివాళ్ళు మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతిలోనే ఓడిపోయారు. రెండు పక్షాల సేనాపతులు, ఉల్ఫ్, మోంకాల్మ్, ఇద్దరూ ఆ పోరులో తగిలిన గాయాలతోనే పోయారు. బందరూ కెబెకూ చేతులు మారింది ఒకే యుద్ధంలో, ఒకే ఏడాదిలో.

1763లో పారిస్ సంధి జరిగాక ఫ్రాన్సుకి తెలుగుదేశంలో చెప్పుకోదగ్గది యానాం ఒక్కటే మిగిలింది. కెనడా పక్కన సెయింట్ పియేర్, మికెలోన్ అనే చిన్న దీవులు మిగిలాయి. యానాం 1954లో మన దేశంలో కలిసింది. ఆ దీవులు ఇప్పటికీ ఫ్రాన్సువే.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బందరులో ఉన్న ఫ్రెంచివాళ్ళు వర్తకులూ సైనికులూ. కోట పోగానే వాళ్ళూ పోయారు. కెబెక్‌లో ఉన్నవాళ్ళు సుమారు 65, 70 వేల మంది రైతులూ, వాళ్ళ పిల్లాజెల్లా. వాళ్ళకి వెనక్కి వెళ్ళటానికి మరో ఊరు లేదు. అధికారులూ, డబ్బున్నవాళ్ళూ ఓడలెక్కేశారు. పొలాలు, చర్చి, నోట్లో ఉన్న భాష మిగిలాయి.

ఎనభై ఏళ్ళు గడిచాక, 1837-38 తిరుగుబాట్ల మీద విచారణకి వచ్చిన లార్డ్ డరమ్, 1839 నివేదికలో వీళ్ళకి చరిత్రా లేదు, సాహిత్యమూ లేదు, ఇంగ్లీషువాళ్ళలో కలిపేసుకోవటమే వీళ్ళకి మేలు అని రాశాడు. ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. ఫ్రాంస్వా గ్జావియే గార్నో కెనడా చరిత్ర రాసి, మొదటి సంపుటం 1845లో అచ్చు వేశాడు. అందులో ఫ్రెంచి కెనడావాళ్ళు మొదటిసారిగా తమ కథని తమ భాషలో పెద్ద ఎత్తున చదువుకున్నారు. ఇది చదువుతుంటే నాకు సి.పి. బ్రౌన్ గుర్తొచ్చాడు. 1825 నాటికి తెలుగు సాహిత్యం కొడిగట్టిన దీపంలా ఉందని ఆయన రాసుకున్నాడు. తేడా ఏమిటంటే, బ్రౌన్ ఆ దీపంలో నూనె పోశాడు. డరమ్ ఊదేయమన్నాడు.

తర్వాతి వందేళ్ళూ భాషకి కాపలా కాసింది చర్చి. బడి, ఆసుపత్రి, పుస్తకం, అన్నిటి మీదా ఫాదరీల కన్నుండేది. నేలని నమ్ముకో, మతాన్ని వదలకు, పూర్వీకుల మాట మార్చకు అన్నదే అప్పటి నవలల సారాంశం. 1914లో ధారావాహికగా వచ్చిన ‘మరియా షాప్‌డెలేన్’ వీటిలో అందరికంటే పేరు తెచ్చుకుంది. దాన్ని రాసిన లూయి ఏమోఁ ఫ్రాన్సు నుంచి వచ్చినవాడు.

కానీ ఆ నేల అందరికీ తిండి పెట్టలేకపోయింది. 1840 నుంచి 1930 దాకా దాదాపు తొమ్మిది లక్షల మంది సరిహద్దు దాటి, లోవెల్, మాంచెస్టర్, ఊన్సాకెట్ లాంటి న్యూ ఇంగ్లండ్ ఊళ్ళలో బట్టల మిల్లుల్లో చేరారు. వాళ్ళూ మనలాగే సంఘాలు పెట్టుకున్నారు. సొంత చర్చిలు, బళ్ళు, పత్రికలు నడిపారు. వాళ్ళ పేటలని ‘చిన్న కెనడా’ అని పిలుచుకున్నారు. రెండు మూడు తరాలు తిరిగేసరికి చాలా ఇళ్ళలో ఆ భాష ఇంటిపేరులో మాత్రమే మిగిలింది. వాళ్ళ సంగతి మళ్ళీ చివర్లో చెప్తాను.

కెబెక్‌లో ఉండిపోయినవాళ్ళు కూడా పల్లె వదిలి పట్నం చేరారు. ఆ పట్నం బతుకుని ఉన్నదున్నట్టు రాసిన మొదటి పెద్ద రచయిత్రి గాబ్రియెల్ రువా. మానిటోబాలో పుట్టిన ఈమె 1945లో రాసిన నవల ‘టిన్ ఫ్లూట్’ పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. మాంట్రియల్‌లో సెయింట్ ఆన్రీ అనే బీదల పేట, రైలు పట్టాల పక్కన అద్దె ఇళ్ళు, జీతం కోసం యుద్ధానికి వెళ్ళే కుర్రాళ్ళు, ఇదీ అందులో కథ. దీనికి 1947లో ఫ్రాన్సు వాళ్ళ ఫెమీనా బహుమతి వచ్చింది.

1948 ఆగస్టులో పోల్ ఎమీల్ బోర్‌దువా అనే చిత్రకారుడు, మరో పదిహేను మంది కలిసి ‘రెఫ్యూ గ్లోబాల్’ అనే ప్రకటన వేశారు. సంపూర్ణ తిరస్కారం అని అర్థం. వేసినవి 400 ప్రతులే. చర్చి భయాన్ని, పాత కట్టుబాట్లని వదిలించుకుంటే తప్ప ఇక్కడ కళ పుట్టదన్నారు. బోర్‌దువాకి పాఠాలు చెప్పే ఉద్యోగం ఊడింది. సంతకం పెట్టినవాళ్ళలో జాఁ పోల్ రియోపెల్ తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. పూర్వీకుల భాష మాట్లాడుతూనే పూర్వీకులని ప్రశ్నించవచ్చని ఈ పదహారు మందీ చూపించారు.

ఇక అసలు గొడవ ఏ ఫ్రెంచి అన్నది. మాంట్రియల్ కూలిపేటల్లో ఇంగ్లీషు మాటలు కలిసి, అక్షరాలు మింగేసే యాసని ‘జువాల్’ అంటారు. గుర్రానికి ఫ్రెంచిలో ‘షెవాల్’ అనాలి, వీళ్ళు ‘జువాల్’ అంటారని ఆ పేరు పెట్టారు. 1960లో ఒక మఠంలో ఉండే పంతులుగారు జాఁ పోల్ దెబియెన్, మారుపేరుతో రాసిన పుస్తకంలో ఈ యాసని దుమ్మెత్తి పోశాడు. అది లక్షకు పైగా అమ్ముడుపోయింది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1968 ఆగస్టు 28న, మిషెల్ ట్రాంబ్లే నాటకం ‘లే బెల్ సెర్’ రంగస్థలం ఎక్కింది. మన మాటల్లో ‘వదినా మరదళ్ళు’ అనుకోవచ్చు. ఒక గృహిణికి పది లక్షల బహుమతి స్టాంపులు వస్తాయి. వాటిని పుస్తకాల్లో అంటించటానికి వంటింట్లోకి అమ్మలక్కలని పిలుస్తుంది. మొత్తం పదిహేను మంది ఆడవాళ్ళు, ఒక్క మగవాడూ లేడు. అంటిస్తూ అంటిస్తూనే వాళ్ళు ఆ స్టాంపులు దొంగిలిస్తారు. వాళ్ళు మాట్లాడేదంతా జువాల్. కొందరు పరవశించారు, కొందరు పరువు పోయిందన్నారు. 1972లో దాన్ని పారిస్ తీసుకెళ్ళటానికి ప్రభుత్వం డబ్బివ్వనంది. మరుసటేడు పారిస్‌లో ఆడితే అక్కడివాళ్ళు మెచ్చుకున్నారు.

విజయనగరంలో 1892లో ‘కన్యాశుల్కం’ ఆడిన సంగతి, తర్వాత గిడుగువారి పోరాటం తెలిసిన మనకి ఈ గొడవ కొత్తేమీ కాదు. నాటకం అంటే గ్రాంథికంలో ఉండాలన్నవాళ్ళ పేర్లు ఈ రోజు ఎంతమందికి గుర్తున్నాయి? గిరీశం, మధురవాణి మాత్రం మన ఇళ్ళలో మనుషుల్లా తిరుగుతున్నారు.

ఇదంతా జరుగుతుండగానే రాజకీయాలు మారాయి. 1960 ఎన్నికల తర్వాత మొదలైన మార్పుని ఇక్కడ ‘నిశ్శబ్ద విప్లవం’ అంటారు. 1961లో సంస్కృతికి ఒక మంత్రిత్వ శాఖ, 1964లో విద్యకి ఒకటి వచ్చాయి. ఫెలిక్స్ లెక్లేర్, జీల్ విన్యో లాంటివాళ్ళు తమ పాటలు తామే రాసుకుని, తామే పాడి ఊరూరా జనాన్ని పోగేశారు. 1977 ఆగస్టు 26న 101వ చట్టం వచ్చింది. దాని ప్రకారం మనలాగా బయటి నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడికే వెళ్ళాలి. చట్టం అందరికీ నచ్చిందని కాదు. ఇంగ్లీషువాళ్ళు చాలామంది టొరాంటో దారి పట్టారు. 2022లో దాన్ని ఇంకా బిగించినప్పుడు మా స్నేహితులు కూడా బాగానే సణుక్కున్నారు. ఫ్రెంచివాళ్ళు రాకముందు నుంచీ ఇక్కడున్న ఆదివాసుల భాషల మాటేమిటన్న ప్రశ్న కూడా న్యాయమైనదే.

అయినా ఆ చట్టం ఒక తలుపు తెరిచింది. ఫ్రెంచి ఒక రక్తానికి చెందిన భాషగా ఉండటం మానేసి, ఇక్కడ పెరిగే ఎవరిదైనా కావటం మొదలుపెట్టింది. హైతీ నుంచి 1976లో వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసిన డానీ లాఫెరియేర్‌ని 2013లో ఫ్రెంచి అకాడెమీకి ఎన్నుకున్నారు. పదేళ్ళ వయసులో వియత్నాం నుంచి పడవలో పారిపోయి, ఇక్కడికి చేరిన కిమ్ థుయ్ 2009లో ‘రు’ అనే నవల రాసి, మరుసటేడు గవర్నర్ జనరల్ బహుమతి అందుకుంది.

మరి మన సంగతి? మా అమ్మాయి ఆ చట్టం పుణ్యమా అని ఫ్రెంచి బళ్ళో చదివింది. “దెపనేర్‌కి వెళ్ళి పాలు కొనుక్కొస్తా నాన్నా” అంటుంది. దెపనేర్ అంటే ఇక్కడ వీధి మలుపులో ఉండే చిల్లర కొట్టు. బంధువులు విని నవ్వుతారు, కొందరు దిద్దబోతారు. నాకైతే అది ఈ ఊళ్ళో పుట్టిన తెలుగు మాటలా వినిపిస్తుంది. మనకి ఇక్కడ చట్టం లేదు, నేల లేదు, జనాభా లేదు. ఆ లెక్కన మనం కెబెక్ వాళ్ళ కంటే లోవెల్ మిల్లులకి వెళ్ళినవాళ్ళకే దగ్గర.

ఆ లోవెల్‌లో 1922లో ఒక ఫ్రెంచి కెనడా కుటుంబంలో జాక్ కెరువాక్ పుట్టాడు. ఇంట్లో ఫ్రెంచి, బడికి వెళ్ళాకే ఇంగ్లీషు. 1957లో ‘ఆన్ ది రోడ్’ తో అమెరికా అంతా మారుమోగిన రచయిత అతనే. అతను తన ఇంటి ఫ్రెంచిలో కూడా రాసుకున్నాడు, చెవికి ఎలా వినబడితే అలా. 1969లో పోయాడు. ఆ రాతలు పుస్తకంగా వచ్చింది 2016లో, మాంట్రియల్‌లో. అతని ఊళ్ళో ఆ భాషలో చదివేవాళ్ళు అప్పటికి దాదాపు మిగల్లేదు.

మన పిల్లల్లోనూ ఎవరో ఒకరు ఇంటి తెలుగులో, దెపనేర్ లాంటి మాటలతో, తప్పొప్పుల అక్షరాలతో ఏదో రాసుకుంటూ ఉండొచ్చు. ఇలాంటి పత్రికలు వాళ్ళకి నాలుగు పేజీలు ఇవ్వాలి. అచ్చులో వచ్చినప్పుడు మనం ముందు చదవాలి, ఆ తర్వాతే దిద్దాలి.