కణ సంకేతాలు: క్షయవ్యాధి

శరీర కణాలు రసాయనాల ద్వారా పరస్పరం సమాచారం అందించుకునే ఏర్పాటే కణ సంకేత వ్యవస్థ. ఒక కణం విడుదల చేసిన ప్రోటీనో హార్మోనో మరో కణం గ్రాహకానికి అతుక్కుని దాని పనితీరును మారుస్తుంది. ఇన్సులిన్ అందగానే కండరకణం రక్తంలోని గ్లూకోజును లోనికి తీసుకోవడం ఇందుకు ఉదాహరణ.

క్షయలో పాత్ర: ఊపిరితో లోపలికి చేరిన క్షయ బాక్టీరియాను మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం మింగినా, తరచూ ఒంటరిగా చంపలేదు. అది ఇంటర్‌ల్యూకిన్-12 విడుదల చేస్తే, టి-కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు ఇంటర్‌ఫెరాన్-గామాతో బదులిచ్చి మాక్రోఫేజ్‌కు బలమిస్తాయి. టీఎన్ఎఫ్ అనే సంకేతం బాక్టీరియా చుట్టూ కణాలను కోటగోడలా నిలబెడుతుంది. దీన్ని గ్రాన్యులోమా అంటారు. హెచ్‌ఐవీ టి-కణాలను నాశనం చేసినా, కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడినా ఈ రక్షణ బలహీనపడి, నిద్రాణమైన క్షయ తిరగబెట్టవచ్చు.

మదనపల్లె: ఈ పట్టణం దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం ప్రారంభమైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి తొలి సూపరింటెండెంట్. 1950వ దశకంలో మదనపల్లె పరిసర గ్రామాల్లో క్షయ నిరోధక బీసీజీ టీకాపై పరిశోధన జరిగింది. ఇలాంటి అధ్యయనాల్లో వాడే ట్యూబర్‌క్యులిన్ పరీక్షలో పాజిటివ్ వచ్చినవారికి 48–72 గంటలకు చర్మం గట్టిపడి ఉబ్బుతుంది. బాక్టీరియాను గుర్తుపెట్టుకున్న టి-కణాలు తోటి కణాలను పిలిచాయనడానికి కంటికి కనిపించే సాక్ష్యం అదే.