బండి మార్చే పని మనతో మొదలు కాలేదు

అన్నలారా, పాత పికప్ కొని, కమాన్ పట్టీలు ఎక్కించి లోడు పెంచుదామని చూస్తున్నారా? వందేళ్ల కిందటే అమెరికా రైతులు ఈ పని చేశారు.

1908లో ఫోర్డ్ మోడల్ టీ కారు వచ్చింది. ఇంజిను 20 గుర్రాల బలం. రైతులు వెనక భాగం తీసేసి చెక్క తొట్టి బిగించారు. చక్రం జాకీ మీద లేపి, బెల్టుతో రంపం తిప్పారు. చివరికి 1925లో ఫోర్డే 281 డాలర్లకు పికప్ అమ్మింది.

కిట్లతో ట్రాక్టరుగానూ మార్చారు. దున్నితే ఇంజిను కాగిపోయేది. అందుకే కొన్ని కిట్లలో వేరే రేడియేటరూ ఇచ్చేవారు. ఒకటి మారిస్తే రెండోదీ మార్చాలి.

నేనూ రెండు పట్టీలు ఎక్కించా. బండి లేచింది, లోడు పెరిగింది. దిగుడులో బ్రేకు చాల్లేదు, కాలవ గట్టు దాకా పోయి ఆగింది. తెల్లారే తీయించేశా. పట్టీ లోడు మోస్తుందేగానీ ఆపదు. ముందు బ్రేకులు చూడండి.