రాత్రి ప్రదర్శన, ప్రయాణం, బస: కపిలేశ్వరపురం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు రంగస్థల చరిత్ర ఎక్కువగా నాటకకర్తలు, నటులు, సమాజాల చుట్టూ సాగింది. కళాకారులు ప్రదర్శన జరిగే ఊరికి ఎలా చేరారు, ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు అన్న విషయాలు అందులో ప్రస్తావనమాత్రంగానే మిగిలాయి. గోదావరి డెల్టాలో ప్రయాణ, వసతి సౌకర్యాలు ప్రదర్శనల నిడివిని, బృందాల పరిమాణాన్ని, స్త్రీల ప్రవేశాన్ని ఏ మేరకు ప్రభావితం చేశాయో కపిలేశ్వరపురం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హరికథ, సురభి, కాంట్రాక్టు నాటకాలు, రేవు, బస, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం

కపిలేశ్వరపురం గౌతమీ గోదావరికి తూర్పు గట్టున ఉన్న గ్రామం. ఎదుట నది, ఆవల కోనసీమ. ఉత్తరాన మండపేట, దిగువన కోటిపల్లి క్షేత్రం ఉన్నాయి. జమీందారీ కేంద్రంగా పేరుపొందిన ఈ ఊరు 1973లో ఏర్పడిన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల వల్ల తెలుగు కళాచరిత్రలో ప్రత్యేక స్థానం సంపాదించింది. ఊరూరా తిరిగే కళకు స్థిరమైన వసతితో కూడిన విద్యాలయం ఇక్కడ ఏర్పడటం వెనుక ఉన్న చారిత్రక అవసరాన్ని గుర్తించాలంటే, అంతకుముందటి ప్రయాణాల తీరును తెలుసుకోవాలి.

2. నీటి దారి, బండి దారి, రైలు దారి

1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మించిన తరువాత డెల్టా కాలువలు సాగునీటితో పాటు రవాణాకూ ఉపయోగపడ్డాయి. గట్టుమీద మనుషులు తాడుతో లాగే పడవలు లాకులు దాటుకుంటూ సాగేవి. వేగం తక్కువైనా తెరలు, పెట్టెలు, వాద్యాలు తరలించడానికి పడవ అనుకూలం. అయితే ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేవారు. అప్పుడు ఎండిన దారుల్లో ఎడ్లబండ్లే దిక్కు. వానకాలంలో కాలువ పారుతుంది, కానీ బండిదారి బురదమయం. నదికి వరద వస్తే రేవు దాటడం ప్రమాదకరం. కాబట్టి ఒక ప్రదర్శనకు తేదీ నిర్ణయించడమంటే తిథితో పాటు నీటినీ చూసుకోవడమే.

1900లో రాజమండ్రి వద్ద గోదావరిపై రైలువంతెన ప్రారంభమై మద్రాసు-కలకత్తా మార్గం కలిసింది. దానితో దూరపు నటుల రాక సులభమైంది. 1928లో కాకినాడ-కోటిపల్లి రైలుమార్గం కూడా వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దాని పట్టాలు తొలగించారు. 2004లో గాని అది తిరిగి ప్రారంభం కాలేదు. స్టేషన్ నుంచి ఊరికి చేరే చివరి కొద్ది మైళ్ళు మాత్రం చాలాకాలం బండిమీద, పడవమీద ఆధారపడినవే.

3. తెల్లవారే వరకు నాటకం

పల్లెల్లో పౌరాణిక నాటకాలు రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారుజాము వరకు సాగేవి. దీనికి పద్యాల విస్తృతి, పొలం పనుల వేళలు, ప్రేక్షకాభిరుచి కారణాలుగా చెప్పవచ్చు. రవాణాను కూడా వీటితో చేర్చి చూడటం సమంజసం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన కుటుంబాలకు అర్ధరాత్రి తిరుగుప్రయాణం కష్టం. రేవు అవతల వారికి ఉదయం నావ కదిలేవరకు దారే లేదు. అంతమందికి పడక ఏర్పాటు చేయడం ఏ గ్రామానికీ సాధ్యం కాదు. రాత్రంతా సాగే నాటకం ప్రేక్షకుల బస సమస్యను అసలు తలెత్తకుండా చేసిందని భావించవచ్చు.

4. బస ఏర్పాట్లు: మూడు పద్ధతులు

కళాకారుల విషయంలో మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది సురభి పద్ధతి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో ఆరంభమైన ఈ సంప్రదాయంలో కుటుంబాలు మొత్తంగా ప్రయాణించాయి. తాత్కాలిక నాటకశాల వేసి, దాని వెనుకనే కాపురం పెట్టి, వారాలు, నెలల తరబడి ఒకేచోట ప్రదర్శించాయి. ఇక్కడ బస, రంగస్థలం వేరు కావు.

రెండవది కాంట్రాక్టు నాటకాల పద్ధతి. కాంట్రాక్టరు పేరున్న నటులను వేర్వేరు ఊళ్ళ నుంచి పిలిపించేవాడు. వారు నేరుగా ప్రదర్శన స్థలంలో కలుసుకొని, పూర్వాభ్యాసం లేకుండానే రంగమెక్కడం సాధారణం. రైలు లేకుండా ఈ పద్ధతి ఊహించలేనిది.

మూడవది హరికథ. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) తీర్చిదిద్దిన ఈ ప్రక్రియకు ఒక కథకుడు, చిడతలు, గజ్జెలు, ఇద్దరు ముగ్గురు వాద్యసహకారులు చాలు. తెరలు, సామగ్రి అక్కరలేదు. బృందమంతా ఒక బండిలో పడుతుంది. ఒక ఇంటి అరుగుమీదో, ఆలయ మంటపంలోనో, సత్రంలోనో రాత్రి గడుపుతుంది. సంభావన, దారి ఖర్చు, భోజనం, బస కలిసిన ఏర్పాటు చిన్న గ్రామానికీ భరించదగినది. అందుకే నాటకసమాజం పోలేని ఊళ్ళకు కూడా హరికథ చేరింది.

5. స్త్రీలు, బస, గౌరవం

సురభిలో స్త్రీలు తొలినాళ్ళ నుంచే నటించగలిగారు. కుటుంబం వెంట ఉండటం దానికి ముఖ్యమైన కారణం. ఇతర సమాజాల్లో స్థానం నరసింహారావు వంటి పురుషులే స్త్రీపాత్రలు ధరించారు. సామాజిక నిషేధమే దీనికి మూలమైనా, పరాయి ఊళ్ళో రాత్రి బస అన్న ప్రశ్న ఆ నిషేధానికి బలమిచ్చింది. గోదావరి డెల్టాలో మేళాలు కట్టి ప్రదర్శించిన కళావంతుల స్త్రీలకు సంగీతనాట్యాలలో గొప్ప పాండిత్యం ఉన్నా, వారి ప్రయాణాలను సమాజం అనుమానంతోనే చూసింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తరువాతి కాలంలో ఆ మేళాలు క్రమంగా కనుమరుగయ్యాయి. కళను నిలుపుకొంటూనే స్త్రీకి గౌరవప్రదమైన వృత్తిజీవనం ఎలా అన్నది మిగిలిన ప్రశ్న.

కపిలేశ్వరపురం పాఠశాలను ఈ ప్రశ్న వెలుగులో చూడాలి. బాలికలకు వసతితో కూడిన శిక్షణ ఇవ్వడం ద్వారా అది సంగీతసాహిత్యాలతో పాటు సంస్థ పేరునూ వారికి అందించింది. పాఠశాలలో చదివిన భాగవతారిణిని ఆహ్వానించే ఆలయకమిటీ ఆమె రాకపోకలకు, విడిదికి బాధ్యత వహించవలసిన అతిథిగా ఆమెను గుర్తించే అవకాశం దీనివల్ల పెరిగింది. అయితే సంస్థాగత గౌరవం ప్రయాణంలోని ఒంటరితనాన్ని, అభద్రతను పూర్తిగా తొలగించిందని చెప్పలేం. ఆ పరిమితిని విస్మరిస్తే చరిత్ర కేవలం ప్రశంసగా మారుతుంది.

6. ముగింపు

2002లో యానాం-ఎదుర్లంక వంతెన ప్రారంభమైంది. వంతెనలు, మోటారు వాహనాలు పెరిగినకొద్దీ ప్రదర్శన ముగించి ఆ రాత్రే ఇల్లు చేరడం సాధ్యమైంది. తెల్లవార్లూ సాగే ప్రదర్శనలు తగ్గడానికి చలనచిత్రం, దూరదర్శన్ కారణాలుగా చెప్పడం పరిపాటి. రేవు దాటడానికి తెల్లవారేదాకా ఆగనక్కరలేకపోవడాన్ని కూడా ఆ కారణాలలో చేర్చాలి. కళాకారులకు, గ్రామస్థులకు మధ్య బస కల్పించిన పరిచయం ఈ మార్పుతో సన్నగిల్లింది. మరోవైపు స్త్రీ కళాకారులకు రాకపోకల స్వేచ్ఛ కొంత పెరిగింది. ఆతిథ్యమిచ్చిన ఇళ్ళు, సత్రాల లెక్కల పుస్తకాలు, వృద్ధ హరిదాసుల జ్ఞాపకాలు సేకరిస్తే ఈ ప్రతిపాదనలను పరీక్షించవచ్చు. ఆ జ్ఞాపకాలు ఉన్న తరం కరిగిపోకముందే ఆ పని జరగవలసి ఉంది.