కళాశాలలో వాక్స్వాతంత్ర్యము

అనంతపురం పేరు చెప్పగానే కఱవు జ్ఞప్తికి వచ్చును. ఎండిన పెన్నేరు, వేరుసెనగ చేలు కన్నులకు కట్టును. ఈ మెట్టనేలపై 1916లో దత్తమండల కళాశాల వెలసినదన్న సంగతి అంతగా స్ఫురింపదు. 1928లో నంద్యాల సభయందు ఈ ప్రాంతమునకు రాయలసీమ యని పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావుగారు ఆ కళాశాల అధ్యాపకులే. నీలం సంజీవరెడ్డిగారు 1931లో అచ్చటి చదువు మాని స్వాతంత్ర్యోద్యమమున చేరిరి. చదువుకొన్నవాడు తన మనసులోని మాట చెప్పుటకు హక్కు కలదా, ఆ హక్కును కాపాడుదుమను సంఘములు ఎవరి నీడన నిలిచినవి అను విషయమును ఈ సీమనుండియే పరిశీలింతము.

1936లో నెహ్రూగారి ప్రోద్బలముతో భారత పౌరస్వేచ్ఛా సంఘము ఏర్పడెను. రవీంద్రనాథ ఠాకూరు దానికి గౌరవాధ్యక్షులు. ఆ యేడే లక్నోలో అఖిల భారత విద్యార్థి ఫెడరేషను పుట్టెను. పేరునకు ఇవి ఏ పార్టీకిని చెందనివి; ఊపిరి మాత్రము కాంగ్రెసుది. ఆంగ్లప్రభుత్వ మెదుట నున్నంతకాలము చిక్కు రాలేదు. 1937లో మద్రాసు రాజధానిలో రాజాజీ మంత్రివర్గము ఏర్పడినది. అనంతపురము అప్పుడు ఆ రాజధానిలోనిదే. కొలది నెలలకే బాట్లివాలా అను సోషలిస్టును ఉపన్యాసమునకై రాజద్రోహనేరముపై నిర్బంధించిరి. నెహ్రూగారు నొచ్చుకొనిరి. 1938లో హిందీని పాఠశాలలలో నిర్బంధము చేయుటను ఎదిరించినవారిపై, కాంగ్రెసు పూర్వము నిందించిన అణచివేత చట్టమునే ప్రయోగించిరి. అదే యేట హైదరాబాదులో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో పలువురు నాగపూరు పోయి చదువు సాగించిరి. నైజాము చేసినది దౌర్జన్యమని మన వారికి వెంటనే తోచినది. మద్రాసులో జరిగినదానికి మాత్రము సమాధానములు వెదకవలసి వచ్చినది.

ఇక మన జిల్లాకు వత్తము. తరిమెల గ్రామమున 1917లో జన్మించిన నాగిరెడ్డిగారు మద్రాసులోను కాశీలోను చదివి, విద్యార్థి దశలోనే మార్క్సిస్టు భావములను స్వీకరించిరి. విద్వాన్ విశ్వంగారితో కలిసి అనంతపురమున నవ్యసాహిత్యమాల నడపిరి. యుద్ధము ప్రజల ఆర్థికస్థితిపై కలిగించు ప్రభావమును గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము 1940లో ఆయనను చెరసాలకు పంపినది. వ్రాసినది ధరలను గూర్చి, అప్పులను గూర్చి. దొరతనమునకు తోచినది రాజద్రోహము.

అయితే కథ అచ్చటితో ఆగలేదు. 1940 డిసెంబరులో విద్యార్థి ఫెడరేషను రెండుగా చీలెను. 1941లో జర్మనీ రష్యాపై దండెత్తగనే కమ్యూనిస్టు పార్టీకి సామ్రాజ్యవాద యుద్ధము ప్రజాయుద్ధమైనది. 1942లో పార్టీపై నిషేధము తొలగెను. ఆ ఆగస్టులో కాంగ్రెసు విద్యార్థులు కారాగారములకు పోవుచుండగా, కమ్యూనిస్టుల చేతిలోని ఫెడరేషను ఆ ఉద్యమమున కలియలేదు. ఎవరి తప్పని మేము తీర్పు చెప్పబోము. రెండు పక్షములును ఒక్కొక్క వంతున ఒకే పని చేసినవి.

వీరి సరసన ఒంటరిగా నిలిచిన వ్యక్తి కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రథమోపాధ్యక్షులై యుండియు, శాసనోల్లంఘన కాలపు దమననీతికి నిరసనగా పదవిని వదలుకొనిరి. 1936లో మరల ఆ పీఠమునకే వచ్చిరి. ఆయనకు సంఘము అక్కరలేకపోయినది. అందఱును కట్టమంచివారు కాలేరు గదా!

స్వాతంత్ర్యానంతరమును ఈ చిక్కు తీరలేదు. 1970ల దశకమున ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము ఏర్పడి, అధ్యాపకులను, న్యాయవాదులను ఆకర్షించినది. బళ్లారిలో 1952లో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయమున గణితము బోధించిన కె. బాలగోపాల్‌గారు దానికి 1983 నుండి ప్రధాన కార్యదర్శి. పోలీసుల ఎదురుకాల్పులను ఎండగట్టిన ఆయన, విప్లవపక్షము చేయు హింసను సైతము విమర్శింపవలదా యని ప్రశ్నించిరి. సంఘములో ఏకాభిప్రాయము కుదరలేదు. 1998లో ఆయనయు, మిత్రులును వెలుపలికి వచ్చి మానవహక్కుల వేదికను స్థాపించిరి. 2009 అక్టోబరులో కన్ను మూయువఱకు ఆయన ఆ వేదికలోనే పనిచేసిరి.