పద్దెనిమిది మామిడిపళ్ళు

మొన్న వేసవి సెలవులకి ముందు మా పాప లెక్కల నోటుబుక్కు విసిరికొట్టింది. ఐదో తరగతి. 20లో 3/4 ఎంత అన్న లెక్కకి ఇరవైని మూడుతో ఓసారి, నాలుగుతో ఓసారి భాగించి ఏదో రాసింది. దాని మీద ఎర్ర సిరా గీత పడింది. "నాకు లెక్కలు రావమ్మా. నీకూ రావుగా!" అంది. ఆ రెండో మాట నాకు గుచ్చుకుంది. నిజమే మరి. నేను బి.ఏ.లో తెలుగు తీసుకోడానికి సగం కారణం భాష మీద ఇష్టమైతే, మిగతా సగం భిన్నాలంటే భయం.

మా అత్తయ్యగారు వరండాలో కూర్చుని, గడ్డిలో మగ్గేసిన కొత్తపల్లి కొబ్బరి పళ్ళు ఏరుతున్నారు. "ముప్పావేగా! ఇలా రా. ఇరవై పళ్ళు లెక్కెట్టి నాలుగు కుప్పలు పొయ్యి. ఒక కుప్ప పక్కకి తోసెయ్. మిగిలిందే ముప్పావు" అన్నారు. పాప లెక్కపెట్టుకుంది. పదిహేను. "అంతేనా మామ్మా?" "అంతే. ఇంకేముంటుంది?"

ఆవిడ చదివింది కూడా ఐదో తరగతే. కానీ ఆవిడ చిన్నప్పుడు భిన్నం అంటే పైనో అంకె, కిందో అంకె కాదు. దానికో పేరుండేది. సగం అర. అందులో సగం పావు. పావులో సగం పరక. పరకలో సగం వీసం, అంటే పదహారో వంతు. వీసంలో పావు కాణి, అరవై నాలుగో వంతు. 'కాణీకి కొరగాడు' అని తిడతామే, ఆ కాణి ఇదే.

పేర్లే కాదు, గుర్తులూ ఉండేవి. పావుకి ఒక నిలువు గీత ౹, అరకి రెండు ౺, ముప్పావుకి మూడు ౻. వీసం దగ్గరికొచ్చేసరికి గీత అడ్డం తిరుగుతుంది ౼. కాణి దగ్గర మళ్ళీ నిలువు. అలా నాలుగో వంతు దిగిన ప్రతిసారీ గీత తిరుగుతుంది. 2008లో ఈ గుర్తుల్ని యూనికోడ్‌లో కూడా చేర్చారు. రాసేవాళ్ళు పోయాక కంప్యూటర్లోకి వచ్చాయన్నమాట!

ఈ నాలుగుల లెక్క ఇంటినిండా ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. (పుట్టికి మాత్రం ఇరవై తూములు. ఎక్కడో అక్కడ పేచీ ఉంటుంది కదా.) డబ్బూ అంతే. రూపాయికి పదహారు అణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసం, బేడ అంటే పరక. కొట్టుకెళ్ళొచ్చే పిల్లకి భిన్నాలు విడిగా నేర్పక్కర్లేదు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. అణాకి లెక్క ప్రకారం ఆరుంపావు పైసలు రావాలి, ఇచ్చేది ఆరే. "ఆ పావు పైసా ఎవడు తిన్నాడో" అంటారు అత్తయ్యగారు. అప్పటికావిడకి పన్నెండేళ్ళు. ఆ తర్వాత కొలతలూ కిలోలు, లీటర్లు అయిపోయాయి. వ్యాపారానికి అదే సుఖం, కాదనను. కానీ వీసం, పరక ఇంట్లోంచి వెళ్ళిపోయాక పిల్లల చేతిలో 3/4 అన్న గీత ఒక్కటే మిగిలింది.

అయితే పాత పద్ధతిలోనూ ఒక లోటుంది. సగాలు, పావులు దాటి మూడో వంతు, ఐదో వంతు అంటే ఆ గీతల వరసలో వాటికి చోటు లేదు. వాటికి వేరే చదువు కావాలి. అది కూడా మన దగ్గర ఉంది. పావులూరి మల్లన పేరు బి.ఏ.లో ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీపట్టాను. 'తెలుగులో తొలి శాస్త్రగ్రంథం ఏది?' 'సారసంగ్రహ గణితం.' అంతే. మన రాజమహేంద్రవరం రాజరాజనరేంద్రుడి కాలంవాడని, పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా పొందాడని చెబుతారు. ఆ పుస్తకంలో లెక్కలుంటాయని, చేసి చూడొచ్చని మాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. మల్లన పద్యాల్లోకి తెచ్చింది 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని. ఆ మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసులో అచ్చువేశారు.

ఆ మహావీరుడి పుస్తకంలో ఒక మామిడిపళ్ళ లెక్క ఉంది. రాజు పళ్ళలో ఆరో వంతు తీసుకున్నాడు. మిగిలినవాటిలో రాణి ఐదో వంతు. ఇంకా మిగిలినవాటిలో ముగ్గురు రాకుమారులు వరసగా నాలుగో వంతు, మూడో వంతు, సగం. చివరికి మిగిలిన మూడు పళ్ళు చిన్నపిల్లాడికి. మొత్తం ఎన్ని?

అత్తయ్యగారి పళ్ళతోనే కూర్చున్నాం. పాప వెనక నుంచి మొదలెట్టింది. మూడు సగమైతే అంతకు ముందు ఆరు. ఆ ఆరూ మూడో వంతు పోగా మిగిలినవి కాబట్టి, ముందు తొమ్మిది. అలా పన్నెండు, పదిహేను, పద్దెనిమిది. ఇప్పుడు ముందు నుంచి పంచి చూడమన్నాను. రాజుకి మూడు, రాణికి మూడు, రాకుమారులకి తలా మూడు.

"అమ్మా, అందరికీ మూడేసే! మరి ఒకళ్ళకి ఆరో వంతని, ఒకళ్ళకి సగమనీ ఎందుకన్నారు?"

"దేనిలో సగం?" అన్నాను.

కాసేపు పళ్ళకేసి చూసింది. "ఓ... కుప్ప తగ్గిపోతోంది కదూ" అంది. నోటుబుక్కు తెచ్చి, ఎర్ర గీత కింద 15 అని రాసి, పక్కన మూడు నిలువు గీతలు గీసుకుంది. టీచరుకి అర్థం కాదేమోనే అన్నా వినలేదు.

రాత్రి పడుకోబోతూ అడిగింది, "మామ్మా, పంతొమ్మిది పళ్ళుంటే?"

"పంతొమ్మిదోది లెక్కకి ముందే నేను తినేస్తాను, పడుకో" అన్నారావిడ.