యుద్ధస్మృతి: కెనడాలోను, కాకినాడ తీరంలోను

కెనడా రాజధాని ఒట్టావాలో పార్లమెంటు భవనానికి శిరస్సు వలె శాంతి గోపురం నిలిచి ఉన్నది. అందులోని స్మారక మందిరం కోసం ఆ దేశస్థులు కొన్ని పెద్ద గ్రంథాలు సిద్ధం చేయించినారు. వాటిలో కథలు లేవు, వర్ణనలు లేవు, ఉన్నవన్నీ పేర్లే. యుద్ధాలలో ప్రాణాలు కోల్పోయిన సైనికుల పేర్లు అవి. ప్రతి దినమూ ఉదయం 11 గంటలకు ఆ గ్రంథాలలో పుట త్రిప్పుతారు. ఆ విధంగా ప్రతి పేరూ ఏడాదికి ఒకమారైనా వెలుగు చూస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలోనే కెనడా దాదాపు 45,000 మందిని పోగొట్టుకున్నది. వారిలో ప్రతి ఒక్కరికీ ఆ పుటలలో ఒక పంక్తి ఉన్నది.

ఎక్కడి కెనడా, ఎక్కడి గోదావరి డెల్టా అని శ్రోతలు అనుకోవచ్చును. కాని కాకినాడ ప్రాంతానికి కెనడా కొత్త పేరు కాదు. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లోనే అక్కడ తమ కేంద్రం నెలకొల్పినారు. వారిలో మొదటివాడైన జాన్ మెక్లారిన్ పేరు కాకినాడలోని ఉన్నత పాఠశాలకు నిలిచి ఉన్నది. రామచంద్రపురంలో కుష్ఠురోగుల సేవకు పూనుకున్నదీ ఆ మిషను వారే. అయితే నేను చెప్పబోయే బంధుత్వం అది కాదు. 1942 ఏప్రిల్ మాసంలో మూడు దినాల వ్యవధిలో ఒక కెనడా వైమానికుని విధీ, మన తీరవాసుల విధీ ఒకే సముద్రం మీద ముడిపడినవి. ఆ ముడి సంగతి మనలో చాలమందికి తెలియదు.

అప్పటికి సింగపూరు పడిపోయినది, రంగూన్ పడిపోయినది. జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి, హిందూ మహాసముద్రంలోకి ప్రవేశించినది. కెనడా వైమానిక దళంలోని 413వ స్క్వాడ్రన్ అంతకు కొద్ది దినాల ముందే సింహళం చేరినది. ఏప్రిల్ 4వ తేదీన ఆ దళానికి చెందిన లియొనార్డ్ బర్చల్, నీటి మీద వాలగల కాటలీనా విమానంలో ఎనిమిది మంది సహచరులతో గస్తీకి బయలుదేరినాడు. సింహళానికి దక్షిణాన వందల మైళ్ల దూరంలో అడ్మిరల్ నగుమో నడుపుతున్న మహానౌకాదళం ఆయన కంట పడినది. విమానంలోని వైర్‌లెస్ ద్వారా వార్త పంపుతుండగానే శత్రువిమానాలు దానిని కూల్చివేసినవి. తొమ్మిదిమందిలో ఆరుగురు మాత్రమే ప్రాణాలతో బయటపడి జపాను వారికి బందీలైనారు. వార్త మాత్రం సింహళం చేరినది. మరునాడు, ఈస్టరు ఆదివారం నాడు, కొలంబో మీద దాడి జరిగినప్పుడు రక్షకదళాలు సిద్ధంగా ఉన్నవి. ఇంటిలో రేడియో ఉన్నవారికి ఆ వార్త విలువ వేరుగా చెప్పనక్కరలేదు. గాలిలో సాగివచ్చిన కొద్ది మాటలు ఒక రేవును మేల్కొలిపినవి.

అదే సమయంలో అడ్మిరల్ ఒజావా నాయకత్వాన మరొక నౌకాదళం బంగాళాఖాతంలో తిరుగుతున్నది. బర్చల్ చూచినది ఆ దళాన్ని కాదు. అది మన తూర్పుతీరం పొడవునా సరుకు ఓడలను ముంచివేసినది. ఏప్రిల్ 6వ తేదీన ఆ దళంలోని ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసినవి. లండన్ మీదనో, రంగూన్ మీదనో పడినవాటితో పోలిస్తే ఈ బాంబులు కొద్దివే. కాని యుద్ధమంటే పత్రికలలో చదివేది, రేడియోలో వినేది అనుకుంటున్న తెలుగు తీరానికి యుద్ధం ఇంటి కప్పు మీదకే వచ్చినది. రేవు పట్టణాలలోని వారు మూటలు కట్టి, బండ్లు మాట్లాడుకొని, లోపలి ఊళ్లకు బయలుదేరినారు. మద్రాసు నగరమే ఆ నెలలో సగం ఖాళీ అయినది. రాయవరం వంటి డెల్టా గ్రామం కాకినాడ రేవుకు ఒక్క రోజు బండి ప్రయాణం. ఆ దూరమే ఆనాడు భయానికీ, అభయానికీ మధ్యనున్న దూరం.

అయితే మన జిల్లాలవారు ఆ యుద్ధంలో పడిన అసలు బాధ కాకినాడలో పడినది కాదు. అది బర్మాలో పడినది.

రంగం పోవడమనే మాట మన తీరమంతటా ఒకప్పుడు ఇంటింటి మాట. పంట పని లేని రోజులలో కాకినాడ, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి, డెక్కు మీద నాలుగు దినాలు గడిపి, రంగూన్‌లో దిగేవారు. అక్కడి రేవులో బస్తాలు మోసినవారూ, బియ్యపు మిల్లులలో పనిచేసినవారూ, రిక్షాలు లాగినవారూ చాలమంది తెలుగువారే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నరకు పైగా తెలుగువారు ఉన్నారు. గోదావరి ముఖాన ఒకప్పుడు వెలసిన కోరంగి రేవు పేరే బర్మావారి నోట వీరికి పేరైనది. వీరిని 'కోరంగీలు' అన్నారు. ఆ పిలుపులో గౌరవం తక్కువ. 1930 మే నెలలో రేవు పని విషయమై చెలరేగిన అల్లర్లలో వీరు ఎంతో నష్టపడినారు. అయినా కూలి కోసం మరల ఓడ ఎక్కుతూనే ఉండినారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి బాంబులు పడినవి. రేవులోని కూలీలు, వీథులలో గుమిగూడినవారు వందల కొలదిగా కూలిపోయినారు. మిగిలినవారు ప్రోం దారి పట్టినారు. వీరు పోతే రేవు నడవదు, నగరం శుభ్రపడదు గనుక అధికారులు వీరిని ఆపి వెనుకకు పంప యత్నించినారు. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైనది. ఆ తరువాత ఆపగలవారు ఎవరూ లేరు. ఓడ టిక్కెట్టు దొరికినవారు అదృష్టవంతులు. తక్కినవారికి కాలినడకే గతి. కొందరు ప్రోం నుంచి తౌంగుప్ కనుమ దాటి అరకాను తీరానికి, అక్కడినుంచి చిట్టగాంగుకు చేరినారు. కొందరు తమూ, ఇంఫాల్ మీదుగా దిమాపూరు రైలు స్టేషను చేరినారు. ఆలస్యమైనవారు హుకాంగ్ లోయలోని అడవులగుండా అస్సాం చేరవలసి వచ్చినది. దారిలో కలరా, మలేరియా, ఆకలి. మే నెల దాటిన తరువాత ఎడతెగని వాన. తెల్లవారికి ఒక మేలైన దారి, నల్లవారికి వేరొక దారి చూపుతున్నారన్న నింద ఆనాడే దేశమంతటా వినవచ్చినది.

ఈ విధంగా సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా నుంచి తరలివచ్చినారు. దారిలో మరణించినవారు పదివేలని కొందరు చరిత్రకారులు, యాభైవేలని కొందరు, అంతకు మించి ఉంటారని మరికొందరు అంచనా కట్టినారు. ఈ అంచనాల మధ్య ఉన్న వ్యత్యాసాన్ని శ్రోతలు ఒక్క క్షణం గమనించవలెను. కెనడాలో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పంక్తి ఉన్నది. ఇక్కడ వేలకు వేలు మనుష్యులు ఒక అంచనాకూ, మరొక అంచనాకూ నడుమ జారిపోయినారు. వారిని లెక్కించినవారే లేరు.

ఇందుకు కారణం జాతిభేదం మాత్రమే కాదు. రంగూన్‌పై తొలి బాంబులు పడిన డిసెంబరులోనే, హాంకాంగు రక్షణకు వచ్చిన 1,975 మంది కెనడా సైనికులు రాజపుత్ర, పంజాబు పటాలాల భారత సైనికులతో కలిసి పోరాడి, క్రిస్మసు నాడు లొంగిపోవలసి వచ్చినది. వారిలో సుమారు 550 మంది, కొందరు పోరులో, కొందరు చెరలో, మరణించినారు. హాంకాంగులోని సాయ్‌వాన్ శ్మశానవాటికలో కెనడావారి పేర్లూ, భారతీయుల పేర్లూ చెక్కబడి ఉన్నవి. రంగూన్ సమీపాన తౌచాన్ శ్మశానవాటికలో, సమాధి ఎక్కడ ఉన్నదో తెలియని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు స్తంభాల మీద ఉన్నవి. వారిలో భారతీయులు అనేకులు. అనగా యూనిఫారం వేసుకొన్న వానికి, ఏ జాతివాడైనా, రాతి మీద పేరు దక్కినది. బస్తా మోసినవానికీ, బిడ్డను చంకనెత్తుకొని కనుమ ఎక్కిన తల్లికీ దక్కలేదు.

కెనడాలో సైతం సామాన్య ప్రజల స్మృతి సులభంగా నిలువలేదు. 1942లో ఆ ప్రభుత్వం పశ్చిమ తీరంలో నివసించే జపాను సంతతివారిని సుమారు 22,000 మందిని ఇండ్ల నుంచి వెళ్లగొట్టి లోపలి ప్రాంతాల శిబిరాలకు పంపినది. వారిలో అధికులు ఆ దేశపు పౌరులే. వారి ఆస్తులను అమ్మివేసినది. ఆ అన్యాయాన్ని అంగీకరించి పార్లమెంటులో క్షమాపణ చెప్పడానికి 1988 దాకా పట్టినది. బాధితులు తమ కథలను మరువక, పిల్లలకు చెప్పి, కాగితం మీద పెట్టినందువల్లనే అది సాధ్యమైనది. వీరులను స్మరించడం ఒక ధర్మం. తనవారికి తాను చేసిన కీడును స్మరించడం అంతకంటె కష్టమైన ధర్మం.

బర్చల్ మూడేండ్లకు పైగా జపాను చెరలో ఉండి, రోగులైన తోటి బందీల పక్షాన నిలిచి దెబ్బలు తిని, 1945లో విడుదలై, 2004 దాకా జీవించినాడు. తన అనుభవాన్ని తన నోటనే చెప్పగలిగినాడు. ఇటువంటి వృద్ధసైనికుల మాటలను వేల సంఖ్యలో ధ్వనిముద్రణ చేసి కెనడావారు భద్రపరచుకొన్నారు. రాతి కంటె మాట గొప్పదని రేడియోలో పనిచేసేవారికి వేరొకరు చెప్పనక్కరలేదు. రాయి పేరు చెబుతుంది. కంఠస్వరం మనిషిని చెబుతుంది.

విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉన్నది. బర్మా నుంచి తిరిగివచ్చినవారి గుర్తుగా పేరు మిగిలినది. మనుష్యుల కథలు మిగలవలసి ఉన్నది. 1942లో పదేండ్ల పిల్లలుగా ఉన్నవారు నేడు తొంభై దాటినారు. రాయవరంలో కానీ, రామచంద్రపురంలో కానీ, అమలాపురంలో కానీ అటువంటి పెద్దలు మీ ఇంట ఉంటే వారిని అడగండి. వారు లేకపోతే వారి మాటలు విన్నవారిని అడగండి. మన ఇంటినుంచి రంగం ఎవరు పోయినారు? ఏ రేవులో ఓడ ఎక్కినారు? ఏ మిల్లులో పని? ఏ దారిని తిరిగివచ్చినారు? బయలుదేరినవారెందరు, ఇల్లు చేరినవారెందరు? కాకినాడ మీద బాంబులు పడిన నాడు ఈ ఇంట ఎవరు తలదాచుకొన్నారు?

జవాబులు వ్రాసి, తేదీ వేసి, ఇంటి పత్రాలతో పాటు భద్రపరచండి. చెప్పేవారు ఒప్పుకొంటే వారి గొంతును కూడ ముద్రించి ఉంచండి. చేరనివారి పేర్లను ముందు వ్రాయండి. ఒట్టావాలో ప్రతి దినమూ ఒక పుట త్రిప్పుతున్నారు. మనకు ఆ గ్రంథం ఇంకా వ్రాయవలసి ఉన్నది.